కిషన్ బండి వెనక టైరు

లాస్యా, ఆశీష్, ఈ కథ మీరెన్నడూ వినలేదు. మీ అమ్మమ్మను అడిగితే మాట మార్చేస్తుంది. మీ నాన్నకు సగమే తెలుసు, ఆ సగం కూడా ఆయన నమ్మలేదు. కొచ్చిలో మన ఇంటికి సికింద్రాబాద్ చాలా దూరం, చెప్పకపోయినా ఏమీ కాదులే అనుకుంటూ వచ్చాను. మొన్న ఆశీష్ వచ్చి, కాలేజీలో సీనియర్ ఒకడు పాత బండి అమ్ముతున్నాడు, టైర్లు ఇంకా కొత్తగానే ఉన్నాయి అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడిగితే జవాబు చెప్పకుండా వంటింట్లోకి పోయాను. ఆ జవాబు ఇది. ఇద్దరూ కలిసి చదవండి. పగలు చదవండి.

మౌలాలిలో అమ్మమ్మ ఇల్లు మీకు గుర్తుండే ఉంటుంది. రైల్వే క్వార్టర్ల వెనక సందు, తల ఎత్తితే గుట్ట, గుట్ట మీద దర్గా. మిమ్మల్ని చెరో భుజం మీద కూర్చోబెట్టుకుని ఆ మెట్లెక్కిన కిషన్ మామ కూడా గుర్తుండే ఉంటాడు. వాడు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేవాడు. తెల్లవారగానే బండి మీద సైనిక్‌పురి పోయి, ఇళ్లల్లో పెద్దవాళ్లకు పరగడుపున రక్తం తీసి, సీసాలను ఐసు డబ్బాలో పెట్టుకుని తెచ్చేవాడు. ముసలి చేతుల్లో నరం దొరకదు. కళ్లకు కనిపించదు, వేలికి తెలియాలి. కిషన్ బొటనవేలితో ఒకసారి నిమిరి, సూది పెట్టాడంటే పెట్టినట్టే తెలిసేది కాదంటారు. సైనిక్‌పురిలో రిటైరైన ఆఫీసర్లు వాడు రాకపోతే రక్తమే ఇచ్చేవాళ్లు కాదు. అమ్మ, వాడు, ఆ ఇల్లు, అంతా ఆ చేతి మీదే నడిచేది.

రోజంతా తిరిగే బండికి వెనక టైరు ఏడాది కూడా ఆగదు. బరువు దాని మీదే, లాగేదీ అదే. గాట్లు అరిగిపోయి గుండు అయ్యాక ఎండలో బాగానే నడుస్తుంది, నీళ్లు కనిపిస్తే మాత్రం జారుతుంది. గాట్లు ఉండేది నీళ్లు పక్కకు పోవడానికే కదా. ఆ ఏడు తొలి వానకే కిషన్ రోడ్డు మీది పాత రాతి కమాన్ దగ్గర మలుపులో పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, సీసాలు పగిలాయి. టైరు మార్చందే గడప దాటనివ్వనని అమ్మ బండి తాళం కొంగున కట్టుకుంది. అమ్మ కంటి ఆపరేషన్‌కని నేనప్పుడు అక్కడే ఉన్నాను.

ఆ సాయంత్రమే వాడు బోయిన్‌పల్లి మార్కెట్ దారిలో వీరయ్య అనే అతని దుకాణంలో టైరు వేయించుకొచ్చాడు. కొత్తదే, సగం ధరకే ఇచ్చాడని మురిసిపోయాడు. ఏ వస్తువునైనా తిప్పి చూడందే నాకు మనసు ఊరుకోదని మీకు తెలుసు. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి. పక్క గోడ మీద ఏ ఏడాది ఏ వారంలో చేశారో అంకెలు ఉంటాయి. అరగకపోయినా, ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి తడిలో పట్టు ఇవ్వదు, అందుకే ఆ అంకెలు చూసి కొంటారు. దీనికి వెంట్రుకలు లేవు. అంకెలుండే చోట ఎవరో రాకినట్టు నున్నగా ఉంది. గాట్ల అంచులు కత్తితో కోసినట్టు పదునుగా ఉన్నాయి. అరిగిపోయిన టైరుకు కాల్చిన కత్తితో మళ్లీ గాట్లు కోసి, నల్ల రంగు పూసి అమ్మడం ఆ దారిలో మామూలే.

నేను ఆ మాటే చెప్పాను. కిషన్ నవ్వాడు. “నువ్వు ఆర్టీఓలో ఉండాల్సినదానివి అక్కా. కొచ్చికి ఎందుకు పోయినవో.”

అమ్మ అప్పటికే పళ్లెం పట్టుకొచ్చింది. మన ఇంట్లో బండి కొంటే ఒక పద్ధతి ఉంది. పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు అందరూ చేసేవే. దానికి తోడు, నడిపేవాడు కుడి అరచేతిని తడి పసుపులో ముంచి బండి మీద ముద్ర వేయాలి. ఎవరి ప్రాణం మోయాలో బండికి తెలియాలని మా నాయనమ్మ కాలం నుంచీ ఉన్న మాట. బండి కొన్నప్పుడు అమ్మ ట్యాంకు మీద వేయించింది. ఇప్పుడు కొత్తగా వచ్చింది టైరు కాబట్టి, ముద్ర టైరు మీద పడాలంది అమ్మ.

ఇది కొత్తది కాదు, ఇంతకుముందు ఎవరినో మోసే ఉంటుంది, దానికి చేయి ఇవ్వడమేంటి అన్నాను. అమ్మకు కోపం వచ్చింది. మంచిపని ముందర నోటికొచ్చినట్టు మాట్లాడవద్దని కసిరింది. కిషన్ అరచేయి పసుపులో ముంచి, టైరు మీద అదిమి, కాసేపు అలాగే ఉంచాడు.

తీసేటప్పుడు చేయి అంటుకున్నట్టు చిన్న చప్పుడైంది.

బండి ముందుకు నడిపాడు. ముందు చక్రం కింది నిమ్మకాయ పగిలి రసం చిమ్మింది. వెనక చక్రం కింద కూడా పగిలిన చప్పుడు విన్నాను. వంగి చూస్తే అక్కడ తొక్క ఒక్కటే ఉంది... ఎండి, ముడుచుకుపోయి. రసం లేదు. నేల మీద తడి లేదు.

నేను కొచ్చి తిరిగి వచ్చాను. కిషన్ ఫోన్ చేసినప్పుడల్లా టైరు ముచ్చటే. అంత వానలో, కమాన్ మలుపులో, నూనె ఒలికిన రోడ్డు మీద కూడా మేకు కొట్టినట్టు ఆగుతోందట. అక్క కుళ్లుకుంది గానీ టైరు బంగారమట. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. మామూలు టైరైతే ఆ తిరుగుడుకు సగం అరగాలి. ఇది అరగలేదు. ఒకరోజు గాటులో రూపాయి బిళ్ల నిలబెట్టి ఫోటో తీసి పంపాడు. బిళ్ల సగం దాకా మునిగిపోయింది. నేను చూసినప్పుడు ఆ గాటు అంత లోతు లేదు.

ఫోటోను పెద్దది చేసి చూశాను. బిళ్లను పట్టుకున్న వాడి బొటనవేలు కనిపిస్తోంది. వేలి కొన మీద గీతలు లేవు. గోరులాగే నున్నగా ఉంది.

అడిగితే తేలిగ్గా కొట్టేశాడు. ల్యాబ్‌లో హాజరు మిషన్ వాడి వేలిని తీసుకోవడం లేదట, రోజూ చేతులకు కొట్టుకునే శానిటైజర్ వల్ల అందరికీ అంతేనట. తర్వాత ఫోన్లు తగ్గాయి. అమ్మ చెప్పేది. వాడి చేతిలోంచి గ్లాసు జారుతోంది. తాళంచెవి జారుతోంది. చొక్కా గుండీలు అమ్మే పెడుతోంది. సైనిక్‌పురిలో ఒక పెద్దాయన చేతికి మూడు చోట్ల గుచ్చినా నరం దొరకలేదని ల్యాబ్‌కు ఫిర్యాదు పోయింది. ఇంకొకటి వస్తే పనిలోంచి తీసేస్తామన్నారు. చర్మం డాక్టరు చూసి, ల్యాబ్ మందుల వల్ల చర్మం అరిగిందని పూతమందు రాశాడు.

మిమ్మల్ని మీ నాన్నకు అప్పగించి నేను మళ్లీ రైలెక్కాను.

వాడి చేతులు తిప్పి చూశాను. అరచేతిలో ఒక్క గీత లేదు. పుట్టిన బిడ్డకు కూడా ఉంటాయి కదా గీతలు. వాడికి లేవు. నా చేతిలో వాడి చేయి పెట్టుకుంటే సబ్బుబిళ్లలా పక్కకు పోయింది. పోల్చుకోలేనంత మారిపోయాడు మనిషి. ఎవరేమన్నా కసురుతున్నాడు. అన్నం చెంచాతో తింటున్నాడు, చెంచాకు గుడ్డ చుట్టుకుని. అమ్మ ఓ మూల కూర్చుని, వాడి చేతులకు రాసే కొబ్బరినూనె గిన్నె వైపు చూస్తోంది.

వాడు పడుకున్నాక మధ్యాహ్నం వాకిట్లోకి పోయి టైరు చూశాను. ఎండ ఉంది. అయినా టైరు తడిగా ఉంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. కత్తితో కోసిన తిన్నటి గాట్ల మధ్య ఖాళీ ఉండాలి. అక్కడ ఖాళీ లేదు. సన్నటి గీతలు... ఒకదాని పక్కన ఒకటి... వంపు తిరిగి, సుడి తిరిగి, మధ్యలో చిన్న చుక్క దగ్గర కలిసి ఉన్నాయి. టైరు చుట్టూ, ఒక సుడి తర్వాత ఒక సుడి. నా బొటనవేలిని పక్కన పెట్టి చూసుకున్నాను. అవే. వేలిముద్రలు. వాటిని దాటుకుంటూ మూడు లోతైన గీతలు అడ్డంగా పోయాయి. కిషన్ చిన్నప్పుడు ఎన్నిసార్లు వాడి చేయి పట్టుకుని జాతకం చెబుతానని ఆటపట్టించానో. ఆ గీతలు నాకు తెలుసు.

ముక్కుకు పసుపు వాసన కొట్టింది. మురిగిన పసుపు.

వాడు లేవగానే టైరు తీయించేద్దామన్నాను. వాడు నన్నొక చూపు చూశాడు, ఏ తమ్ముడూ అక్కను అలా చూడడు. “తీపిస్తే నేను రోడ్డు మీద జారి సస్త. నీకు గదే కావాల్నా?” అన్నాడు. ఆ టైరొక్కటే తనను పట్టుకుంటుందని, ఇంట్లో వాళ్లం ఎవరమూ పట్టుకోలేమని, తన మానాన తనను వదిలేయమని చాలా సేపు అరిచాడు. అమ్మ లేచి వచ్చి వాడి కాళ్ల ముందు కూర్చుంది. కొడుకు కాళ్లు పట్టుకోబోయింది. వాడు గబుక్కున వెనక్కి జరిగాడు. జరగడం కాదు, గచ్చు మీద జారి గోడకు తగిలాడు. అప్పుడు చూశాం. అరికాళ్లు కూడా అంతే.

అప్పుడే మొదటిసారి వాడు ఏడ్చాడు. సరే పదమన్నాడు.

దీపాలు పెట్టే వేళకు వీరయ్య దుకాణానికి బయలుదేరాం. నాకు బండి నడపడం రాదు, వెనక కూర్చున్నాను. బండి మలుపులు తిరిగేటప్పటికి సన్నగా వాన పట్టుకుంది. ఎక్కడో తీగ తెగిందేమో, దారి పొడవునా వీధిదీపాలు లేవు. కిషన్ చేతులు హ్యాండిల్ మీద ఆనించి ఉన్నాయి అంతే, వేళ్లు బిగుసుకోవడం లేదు. యాక్సిలరేటర్ తిప్పడం నేను చూడలేదు. బండి పోతూనే ఉంది.

తడి రోడ్డు మీద టైరు చప్పుడు ఎలా ఉంటుందో మీకు తెలుసు, సరసరమని సాగే చప్పుడు. ఇది అలా లేదు. చప్... చప్... చప్... తడి నేల మీద ఎవరో అరచేతులు వేసుకుంటూ వెంట వస్తున్నట్టు ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు. చప్పుడు నా కిందనుంచే వస్తోందని తెలుసు.

“కిషన్... నువ్వే నడుపుతున్నవా?” అని వాడి చెవిలో అడిగాను.

వాడు తల అడ్డంగా ఊపాడు.

బోయిన్‌పల్లి చేరబోతుండగా ఒక రైలు వంతెన దిగాలి. వాలు బాగా ఉంటుంది. కింద మార్కెట్‌కు కూరగాయల లారీలు తిరుగుతుంటాయి. ఆ వాలు మధ్యలో బండి ఆగింది. బ్రేకు వేసినట్టు కాదు. వెనక చక్రం రోడ్డును పట్టుకుంది. ఇంజను మోగుతోంది, చక్రం కదలదు. నేను దిగి తోశాను. గోడను తోసినట్టుంది. కిషన్ కూడా దిగుదామని కాలు కింద పెట్టాడు.

కాలు నిలవలేదు.

చెప్పు ఊడి ఒకపక్క పోయింది, పాదం ఒకపక్క పోయింది. వాడు పడ్డాడు. పడి, ఆగలేదు. నెమ్మదిగా... వాలులో... కిందికి జారుతున్నాడు. అరచేతులు రోడ్డుకు ఆనించాడు, మోకాళ్లు ఆనించాడు. తారు రోడ్డు, కంకర తేలిన రోడ్డు... ఏదీ వాడిని పట్టుకోవడం లేదు. పళ్లెంలో ఐసుముక్కలా పోతున్నాడు. పెద్ద వేగమేమీ లేదు. నడిచి అందుకోవచ్చు. నేను పరుగెత్తి మణికట్టు పట్టుకున్నాను. జారింది. మోచేయి పట్టుకున్నాను. జారింది. చొక్కా పట్టుకుంటే గుండీలు తెగి చొక్కా నా చేతిలో మిగిలింది. కింద లారీ దీపాలు తిరుగుతున్నాయి. వాడు అరవడం లేదు. నా వైపే చూస్తున్నాడు.

వెనకనుంచి చప్... చప్... అని వినిపించింది.

బండి దానంతటదే వస్తోంది. స్టాండు లేదు, మనిషి లేడు. నిలువుగా, తొందర లేకుండా. నన్ను దాటిపోయింది. వాడి పక్కకు పోయి, వెనక చక్రం వాడి చేతికి అందే చోట ఆగింది.

“వద్దు,” అన్నాను.

వాడు చేయి చాపాడు. టైరును పట్టుకున్నాడు. పట్టు దొరికింది. జారడం ఆగిపోయింది. లారీ ఒకటి వాడి పాదాల పక్కనుంచి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

“పట్టుకుంది అక్కా,” అన్నాడు గుసగుసగా. తృప్తిగా అన్నాడు.

వంతెన కిందే వీరయ్య దుకాణం. నేను పోయి అతన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చాను. బండిని దూరంనుంచి చూసి ఆగిపోయాడు. “మళ్ల వచ్చిందా గది,” అన్నాడు. ఎవరి బండిదని అడిగితే నా మొహం మీదే ఉమ్మినంత పని చేశాడు. సగం ధరకు వస్తుందంటే నోరు మూసుకుని ఎగబడ్డారు కదా, అప్పుడు అడగాలన్న తెలివి లేదా అన్నాడు. వాడు వదిలితే విప్పుతాను, వదలందే నేను ముట్టనని దూరంగా పోయి నిలబడ్డాడు.

నేను రోడ్డు మీద కూర్చుని తమ్ముడి వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. ఎంత బిగువో... రబ్బరులో పాతుకుపోయినట్టున్నాయి. ఒక్కో వేలు ఊడినప్పుడల్లా టైరులోంచి నిట్టూర్పులాంటి గాలి. వాడు నన్ను తిట్టాడు. మన ఇంట్లో ఎవరి నోటా వినని తిట్లు. కొరికాడు. చిటికెన వేలు ఆఖరికి వచ్చింది. వచ్చీ రాగానే తిట్లు ఆగిపోయాయి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. టైరు మీద పచ్చగా, తడిగా, అరచేయి ముద్ర ఉంది. కానీ బొటనవేలు రెండో పక్కన ఉంది... లోపలినుంచి ఎవరో చేయి ఆనించినట్టు.

వీరయ్య వచ్చి చక్రం విప్పాడు. టైరు తీసి, తన దగ్గరున్న ఇంకో పాతది వేశాడు. తీసిన టైరును దుకాణంలో మేకుకు మిగతా వాటితో పాటు తగిలించాడు. దాన్ని కాల్చేయమని చెప్పాను, చేతులు జోడించాను. వినలేదు. నేను చూస్తుండగానే నల్ల రంగు డబ్బా మూత తీశాడు.

కిషన్ లేచి నిలబడ్డాడు. నేల వాడిని పట్టుకుంది. వానలో ఉత్త కాళ్లతో తిన్నగా నడిచాడు. నా చేయి పట్టుకున్నాడు, నా గాజులు చిట్లేంత గట్టిగా. నా ప్రాణం లేచివచ్చింది.

నెల తిరిగేలోపు వాడి చేతుల్లో గీతలు వచ్చాయి. మళ్లీ సూది పట్టాడు, మళ్లీ సైనిక్‌పురి పోతున్నాడు, పెద్దవాళ్లు మళ్లీ వాడి కోసమే ఎదురుచూస్తున్నారు. తమ్ముడు దక్కాడు, ఇక ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదనుకున్నాను. ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. పక్కన వాడున్నట్టుంది, గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

“గీతలు వచ్చినయ్ బిడ్డా. మా కిషన్‌వి గావు.”

అంతే అంది. మళ్లీ ఎప్పుడు అడిగినా, అంతా మంచిగుంది అంటుంది. వాడు వేళకు తింటాడు, పని చేస్తాడు, ఎవరినీ కసరడు. ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తాడు. గొంతు వాడిదే, నవ్వు వాడిదే. మీ ఇద్దరి గురించి అడుగుతాడు. ఎంత పొడుగయ్యారు, బండి నడపడం వచ్చిందా అని. నేను వాడికంటే ఆరేళ్లు పెద్దదాన్ని. వాడికి మాటలు వచ్చిననాటి నుంచీ నన్ను అక్కా అనే పిలిచాడు. వంతెన మీద ఆ సాయంత్రం తర్వాత ఒక్కసారి కూడా అలా పిలవలేదు.

“పిల్లల్ని చూడబుద్ధయితుంది చెల్లె,” అంటాడు. మా కిషన్ ఆ రంగు పూసిన టైరులోనే ఉండిపోయాడు, అదిప్పుడు ఎవరి బండికి ఉందో తెలియదు, ఆశీష్, అందుకే వద్దన్నాను.

పోయిన ఆదివారం కొచ్చికి వస్తున్నానన్నాడు. ఏ రోజో చెప్పలేదు. నేను ఇంట్లో లేనప్పుడు వస్తే తలుపు తీయండి, మంచినీళ్లివ్వండి, మర్యాద తప్పవద్దు. నవ్వుతూ చేయి చాపుతాడు. పట్టుకోవద్దు. ఎంత ప్రేమగా అడిగినా, చేయి చూసి జాతకం చెబుతానన్నా, మీ అరచేయి తెరవవద్దు. ఆశీష్, నీ స్నేహితులకు ఈ కథ చెప్పు. లాస్యా, కింది అంతస్తులో పిల్లలకు నువ్వు చెప్పు, వాళ్లు ఎవరు చేయి చాపినా పట్టుకుంటారు. నవ్వినా సరే, చెప్పండి. వాళ్లను ఇంకొకరికి చెప్పమనండి.